గురజాలలో మూడో పాట

2022 జూన్ మొదటివారంలో నన్ను నరసరావుపేటకు బదిలీ చేశారు. హోదా చీఫ్ మేనేజరు, పని మొండిబాకీల వసూలు. పల్నాడు జిల్లాలోని మా బ్యాంకు శాఖలన్నిటిలోనూ వసూలు కాని అప్పుల కింద తాకట్టులో ఉన్న ఇళ్ళు, స్థలాలు, గోడౌన్లు, మిల్లులు వేలం వేసి సొమ్ము రాబట్టే బాధ్యత నాది. చట్టం ప్రకారం ఆ పని చేసేవాణ్ణి అధీకృత అధికారి అంటారు. పేరు బరువుగానే ఉంటుంది గానీ, పత్రికల్లో వేలం ప్రకటన అడుగున చిన్న అక్షరాల్లో కనిపించే మనిషి అతనే. అప్పటికి నా పదవీ విరమణకు ఇంకా ఇరవై రెండు నెలలు ఉంది.

ఆస్తులు అమ్మడానికి అది చెడ్డ కాలం. రాజధాని పనులు ఆగిపోయిన దగ్గర్నుంచి గుంటూరుకి ఇటువైపు భూమి అడిగేవాడు లేడు. నరసరావుపేట జిల్లా కేంద్రం అయిందన్న హుషారులో ప్లాట్ల బ్రోకర్లు రెండు మూడు నెలలు కార్లేసుకుని తిరిగారు. ఆ తర్వాత వాళ్ళూ ఫోన్లు ఎత్తడం మానేశారు. చిలకలూరిపేట హైవే పక్కన ఒక గోడౌను నాలుగుసార్లు వేలానికి పెడితే ఒక్కడూ రాలేదు. సత్తెనపల్లి దగ్గర ప్లాట్లదీ అదే గతి.

తెలియనివాళ్ళ కోసం పద్ధతి కొంచెం చెబుతాను. అప్పు మొండిబాకీగా తేలాక అరవై రోజుల గడువుతో నోటీసు ఇస్తాం. కట్టకపోతే ఆస్తిని స్వాధీనం చేసుకున్నట్టు తలుపుకి కాగితం అతికించి, రెండు పత్రికల్లో వేస్తాం. ఇంట్లో మనుషులు ఇంట్లోనే ఉంటారు, కాగితం మీద మాత్రం ఇల్లు బ్యాంకుది. తర్వాత ఇంజనీరు వచ్చి విలువ కడతాడు. దాన్నిబట్టి కనీస ధర నిర్ణయిస్తాం. అందులో పదోవంతు ముందుగా డిపాజిట్ చేసినవాడికే పాడే హక్కు. పాటంతా ఇప్పుడు కంప్యూటర్లోనే. డప్పు కొట్టించి, ఒకటోసారి, రెండోసారి అని అరిచే రోజులు పోయాయి. పాట పోతే, అంటే ఎవరూ పాడకపోతే, పైకమిటీ అనుమతితో ధర పది శాతం తగ్గించి మళ్ళీ ప్రకటన ఇస్తాం. పోయిన ప్రతి పాటకీ ఒక నోటు రాయాలి. అందులో ‘కారణాలు’ అని ఒక గడి ఉంటుంది. ఆ గడిలో నేను చేతి అలవాటుగా రాసిన మాట ఒకటే: మార్కెట్ మందకొడిగా ఉంది.

గురజాల ఫైలు నా బల్ల మీదికి ఆ ఆగస్టులో వచ్చింది. అప్పు తీసుకున్నది ఆంజనేయులు అనే జిన్నింగ్ మిల్లు యజమాని. పత్తి కొని, గింజ తీసి, బేళ్ళు కట్టి అమ్మే వ్యాపారం. బాకీ వడ్డీతో కలిపి రెండు కోట్లకు దగ్గరపడింది. తాకట్టులో రెండు ఆస్తులున్నాయి. ఒకటి ఆయన మిల్లు. రెండోది, ఆయనకు హామీగా సంతకం పెట్టిన యోహాను అనే మనిషి ఇల్లూ దాని ముందున్న స్థలమూ, మొత్తం పన్నెండు సెంట్లు, మాచర్ల రోడ్డు మీద. ఆ స్థలంలోనే యోహాను వేబ్రిడ్జి నడుపుతాడు. జనం మాటలో కాటా. లారీలు, ట్రాక్టర్లు ఎక్కి నిలబడితే తూకం చూపించే ఇనుప పలక, పక్కన ఒక చిన్న గది, అంతే.

న్యాయంగా ఎవరైనా అడగాల్సిన ప్రశ్న, అప్పు తిన్నవాడి మిల్లు ముందు అమ్మొచ్చు కదా అని. ఆంజనేయులుకు మంచి లాయరున్నాడు, మండల రాజకీయాల్లో పలుకుబడి ఉంది. విశాఖపట్నంలోని రుణ వసూళ్ళ ట్రిబ్యునల్ నుంచి మిల్లు మీద స్టే తెచ్చుకున్నాడు. యోహాను ఎక్కడికీ వెళ్ళలేదు. స్టే ఉన్న ఆస్తిని పక్కనపెట్టి స్టే లేని ఆస్తి మీదికి వెళ్ళడం మా పద్ధతి. దాన్ని మేం పని జరగడం అనేవాళ్ళం.

మొదటి పాట సెప్టెంబరు ఆఖరున. కనీస ధర అరవై లక్షలు. కొనదలిచినవాళ్ళు ఆస్తి చూసుకోవడానికి ఒక రోజు పెడతాం. ఆ రోజు నేను, గురజాల శాఖ మేనేజరు పొద్దున పది నుంచి కాటా దగ్గర నిలబడ్డాం. పిడుగురాళ్ళ నుంచి రావలసిన కొనుగోలుదారు ఒకాయన మధ్యాహ్నం దాకా రాలేదు. ఫోన్ చేస్తే గురజాలలోనే ఉన్నానన్నాడు. దారి అడిగితే ఎవరూ చెప్పడం లేదట. టీకొట్టతను ‘కాటానా? మన ఊళ్ళో కాటా ఏందండీ?’ అన్నాడట. పక్కనున్న పంక్చరు షాపతను పిడుగురాళ్ళ వైపు పొమ్మన్నాడట, మేం ఉన్నది మాచర్ల వైపు. ఆయన విసుగొచ్చి వెనక్కి వెళ్ళిపోయాడు. మాకు కొంచెం నవ్వు కూడా వచ్చింది. పాట పోయింది. నోటు రాశాను: మార్కెట్ మందకొడిగా ఉంది.

డిసెంబరులో రెండో పాట, యాభై నాలుగు లక్షలకు. అదీ పోయింది. అదే నోటు, అదే మాట.

అప్పుడు గురజాల శాఖలో నగలు తూచే అప్రైజరు రామాచారి నాకు అసలు సంగతి చెప్పాడు. బంగారం నాణ్యం చూసే మనిషి కాబట్టి ఊళ్ళో ప్రతి ఇంటి గుట్టూ ఆయనకు తెలుసు. “ధర తగ్గిత్తే కొంటారనుకోబాకండి సార్. ఆ ఇల్లు కొనేవోళ్ళు ఊళ్ళో పదిమంది ఉన్నారు. సొమ్ములూ ఉన్నయ్. యోహాను గారు తన నోటితో పాడుకోమంటే పాడతారు, లేకపోతే పైసాకిచ్చినా పాడరు” అన్నాడు.

ఆ చుట్టుపక్కల అదొక పద్ధతట. కోర్టు పాటైనా, సొసైటీ పాటైనా, ఒక మనిషి కట్టుకున్న ఇల్లు వేలానికి వస్తే పాడదలుచుకున్నవాడు ముందు ఆ ఇంటి మనిషి దగ్గరికి వెళ్ళి అడగాలి. ఆయన పాడుకోమంటేనే పాడాలి. అడగకుండా పాడినవాడి ఇంటికి పెళ్ళికి పిలిచినా ఎవరూ వెళ్ళరు. చాలా ఇళ్ళ విషయంలో ఇది రెండు రోజుల్లో తేలిపోతుంది, బాకీ పడినవాడే విసిగిపోయి తీసుకోమంటాడు. యోహాను దగ్గరికి అడగడానికే ఎవరూ వెళ్ళలేదు. కారణం ఆయన కాటా.

పత్తి, మిరప పండించే ఊళ్ళలో తూకం అంటే ఏడాది కష్టం. లారీని ముందు ఖాళీగా తూస్తారు, తర్వాత సరుకుతో తూస్తారు. రెండిటికీ తేడా ఎంతో సరుకు అంత. మోసమంతా ఖాళీ తూకంలో ఉంటుంది. డ్రైవరు లోపలే కూర్చుంటాడు, నీళ్ళ డ్రమ్ము నింపి ఉంచుతారు, ఖాళీ బండి బరువెక్కుతుంది, సరుకుతో తూసేటప్పుడు డ్రైవరూ నీళ్ళూ ఉండవు, రైతు సరుకు ఆ మేరకు తగ్గుతుంది. యోహాను మాత్రం డ్రైవర్ని కిందికి దింపి, డ్రమ్ము బోర్లింపజేసి, తనే బండి చుట్టూ తిరిగి చూశాకే మీట నొక్కుతాడు. ఇరవై కిలోలు అటూ ఇటూ చూడమని అడిగిన వ్యాపారులు ఆయన దగ్గరికి రావడం మానేశారు. రైతులు మాత్రం పది కిలోమీటర్లు ఎక్కువైనా బండి ఆయన కాటాకే తోలేవారు. ఆ కాటా ఇంకొకరి చేతికి పోవడం ఎవరికీ ఇష్టం లేదు. పైకి ఎవరూ ఏమీ అనలేదు. పాడలేదు, అంతే.

మరి అలాంటి మనిషి మిల్లు యజమానికి హామీ ఎందుకుండాలి? ఇరవై ఏళ్ళ కిందట ఆ కాటా పెట్టిన కొత్తలో, ఊరి బయట పల్లెలో పుట్టిన క్రైస్తవుడి కాటాకు బండ్లు పంపడానికి పేరున్న వ్యాపారులు వెనకాడుతుంటే, మొదటి లారీ పంపింది ఆంజనేయులట. ఆ మేలు యోహాను మరిచిపోలేదు. బ్యాంకు కాగితాల మీద సంతకం పెట్టమంటే పెట్టాడు.

జనవరి సమీక్షలో మా రీజినల్ మేనేజరు నా పేరు పెట్టి అడిగాడు. నా కన్నా పదేళ్ళు చిన్నవాడు. మార్చిలోగా గురజాల పూర్తి కావాలని, మూడో పాట కూడా పోతే అది మార్కెట్ తప్పు కాదనుకోవలసి వస్తుందని అన్నాడు. సమావేశంలో అందరి ముందూ. నాకు ఒళ్ళు మండింది. ఆ మంట ఆయన మీద చూపించలేక గురజాల బయల్దేరాను.

బయల్దేరే ముందు ఒక కాగితం నా బల్ల మీదికి వచ్చింది. ఆంజనేయులు పెట్టుకున్న అర్జీ. బాకీలో సగం ఒక్కసారిగా కట్టేస్తాను, మిగతాది మాఫీ చేసి తాకట్టులన్నీ విడుదల చేయమని. దీన్ని ఏకమొత్తపు పరిష్కారం అంటాం. ఇది ఒప్పుకుంటే మిల్లుతోపాటు యోహాను ఇల్లు కూడా విడుదలవుతుంది. కానీ అది ఇల్లు అమ్ముడుపోక ముందు జరగాలి. ఇలాంటి అర్జీలు నెలకు పది వస్తాయి, తొమ్మిది బుట్టలోకి పోతాయి. అయినా, అర్జీ తేలేదాకా పాట వాయిదా వేద్దామని నేను నాలుగు లైన్ల నోటు రాస్తే కాదనేవాళ్ళు లేరు. రాయలేదు. హామీదారుకు చెప్పాలన్న నిబంధన కూడా ఎక్కడా లేదు.

యోహాను నన్ను కాటా గదిలో కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. అరవై దాటిన మనిషి, పొడుగు, మాట తక్కువ. మధ్యలో ఒక మిరప ట్రాక్టరు వస్తే లేచి వెళ్ళి చుట్టూ తిరిగి చూసి, తూకం చీటీ ఇచ్చి మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. నేను విషయానికి వచ్చాను. మీ వల్ల పాట సాగడం లేదంటున్నారన్నాను.

“నేనెవర్నీ ఆపలేదండీ.”

ఆపలేదు నిజమే, పాడుకోమని కూడా అనలేదు కదా అన్నాను. ఆ తర్వాత ఒక గంటసేపు నేను చెప్పినవన్నీ నిజాలే. పాట పోయిన ప్రతిసారీ ఆరు లక్షలు ఆవిరవుతున్నాయి. అప్పు మీద వడ్డీ ఆగడం లేదు. ఇంటి సొమ్ము ఎంత తక్కువ వస్తే మీ నెత్తిన అంత బాకీ మిగులుతుంది. ఈసారీ పోతే నలభై నాలుగుకు దిగుతుంది, చివరికి ఎక్కడో హైదరాబాదులో ఉన్నవాడు చూడకుండానే కొంటాడు, వాడు పోలీసులతో వచ్చి సామాను రోడ్డు మీద పెట్టిస్తాడు. ఊళ్ళో మనిషి కొంటే మర్యాదగా పోతుంది. వేళ్ళు మడిచి లెక్క చెప్పినట్టు చెప్పాను. అర్జీ సంగతి చెప్పలేదు.

ఆయన అంతా విన్నాడు. “సంతకం పెట్టింది నేను. నా మూలాన ఊరోళ్ళని ఇరకాటంలో పెట్టడమెందుకులేండి” అన్నాడు.

ఆయన భార్య సువార్తమ్మ గుమ్మంలో నిలబడి అంతా వింటూనే ఉంది. నేను లేచి బయటికి వస్తుంటే అడ్డంగా వచ్చింది. “పాట కంప్యూటర్లో అంటన్నారు గందయ్యా. ఎవురైనా ఏడనుంచైనా పాడొచ్చంట. మరి ఆ కంప్యూటరుతో అయ్యే పనికి మా ఆయన నోరెందుకు కావాల్సొచ్చింది మీకు?” అంది. నేను కారెక్కాను. ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు.

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక యోహాను నడుచుకుంటూ ఎరువుల కొట్టు సుబ్బారావు దగ్గరికి వెళ్ళాడట. అడగాల్సినవాడు రాలేదు కాబట్టి, ఇవ్వాల్సినవాడే వెళ్ళాడు. ఆ ఊళ్ళో అలా ఎప్పుడూ జరగలేదని రామాచారి చెప్పాడు. కొట్టులో నలుగురు రైతులున్నారు. “సుబ్బారావు గారూ, మా ఇల్లు మీరు పాడుకోండి. నాకేమీ మనసులో లేదు” అన్నాడట. సుబ్బారావు కుర్చీలోంచి లేచి నిలబడి, “నాకొద్దు యోహానూ, నీ కాటా నాకెందుకు?” అన్నాడట. “మీరు కాకపోతే ఎవరో ముక్కూ మొహం తెలవనోడు వత్తాడంట, మేనేజరు గారు చెప్పారు” అన్నాడట యోహాను. నేను భయపెట్టడానికి అన్న మాటను ఆయన ఊరికి సాయం చేయడానికి వాడాడు.

మూడో పాట ఫిబ్రవరి ఆఖరి వారంలో. నరసరావుపేట ఆఫీసులో తెర ముందు కూర్చున్నాను. కనీస ధర నలభై ఎనిమిది లక్షల అరవై వేలు. సుబ్బారావు ఒక్కడే డిపాజిట్ కట్టాడు. కనీస ధర మీద ఒక మెట్టు, అంటే పాతికవేలు, పెంచి పాడాడు. ఐదు నిమిషాలు ఆగాం, ఎవరూ లేరు. పాట ఖాయమైంది. మర్నాటికి పావువంతు, పదిహేను రోజుల్లో మిగతాది కట్టాడు. అమ్మకపు ధ్రువపత్రం మీద సంతకం పెట్టి గురజాల రిజిస్ట్రారు ఆఫీసులో రిజిస్టరు చేయించాను. యోహాను దంపతులు పోలీసులు గానీ గొడవ గానీ లేకుండా మార్చిలోనే ఇల్లు ఖాళీ చేశారు. మార్కెట్ ఇంత మందకొడిగా ఉన్నప్పుడు సాధించిన అమ్మకం అంటూ రీజినల్ మేనేజరు నాకు ప్రశంసాపత్రం ఇచ్చాడు. దాన్ని ఇంటికి తీసుకెళ్ళి మా ఆవిడకు చూపించాను కూడా.

మే నెలలో ఆంజనేయులు అర్జీ మంజూరై వచ్చింది. పదిలో ఆ ఒక్కటి. అంతకన్నా మంట పుట్టించే సంగతి, ఆయన కట్టవలసిన సగంలో యోహాను ఇల్లు అమ్మిన సొమ్మును కూడా జమ వేసుకున్నారు. ఆ మేరకు ఆయన చేతినుంచి తగ్గింది. మిల్లు విడుదలైంది. బాకీ లేదని ఇచ్చే ధ్రువపత్రం మీద సంతకం నాదే. పద్ధతి ప్రకారం నకలు హామీదారుకు పంపాలి. పంపాం. మాచర్ల రోడ్డు చిరునామాలో మనిషి లేడని కవరు తిరిగొచ్చింది.

దాన్ని మళ్ళీ పోస్టులో వేయడానికి నాకు చేతులు రాలేదు. యోహాను నడికుడిలో ఎవరిదో కాటాలో జీతానికి చేస్తున్నాడని తెలిసి, ఒక శనివారం నేనే తీసుకెళ్ళాను. ఇక మీ మీద రూపాయి బాకీ లేదని, ఆంజనేయులు మీద మీరు దావా వేసి మీ సొమ్ము రాబట్టుకోవచ్చని, చట్టం ఆ హక్కు ఇచ్చిందని చెప్పాను. ఆయన కాగితం అందుకుని తూకం చీటీ చదివినట్టు పైనుంచి కిందిదాకా చదివాడు. ప్రభుత్వం, బ్యాంకు ఏదైనా సరే, ఉత్తరం పైన ‘సూచిక’ అని ఒక వరస ఉంటుంది, ఏ అర్జీ మీద ఇది రాస్తున్నామో దాని తేదీతో సహా. ఎవరూ చదవరు. ఆయన వేలు అక్కడ ఆగింది.

“ఈ అర్జీ జనవరి పదకొండున పెట్టారంటండీ.”

అవునన్నాను.

“మీరు మా కాటాకి వచ్చింది సంక్రాంతి ఎల్లాక గందా.”

అవునన్నాను. ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. బయట లారీ ఒకటి హారన్ కొడుతుంటే లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, కోపం లేకుండానే అన్నాడు: “ఆరోజు మీరు లోడు తూకం అంతా సరిగ్గానే చెప్పారు సార్. ఖాళీ తూకం చెప్పలా.” తర్వాత వెళ్ళి డ్రైవర్ని కిందికి దింపాడు. నేను సిగ్గుపడ్డాను. ఆ మాట ఆయనకు చెప్పలేదు.

2024 ఏప్రిల్లో రిటైరయ్యాను. మరుసటి ఏడాది రాజధాని పనులు మళ్ళీ మొదలై గుంటూరు వైపు ధరలు కదిలాయి. చిలకలూరిపేట గోడౌను కూడా అమ్ముడుపోయిందని విన్నాను. దాని ఫైల్లో నేను రాసిన కారణం నిజమే. ధర ఎక్కువై కొనేవాడు రాలేదు, కాలం మారాక వచ్చాడు. గురజాల ఫైల్లో రాసింది నిజం కాదు. అక్కడ కొనేవాళ్ళున్నారు, వాళ్ళు కొనదలుచుకోలేదు. ఆస్తి అమ్ముడుపోనప్పుడు ధర తగ్గించే ముందు ఈ రెండిటిలో ఏది జరుగుతున్నదో తేల్చుకోవాలి. ఆ పని ఉద్యోగంలో నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆంజనేయులుకు ట్రిబ్యునల్ స్టే ఇచ్చింది, దాని జోలికి మేం పోలేదు. యోహానుకు ఊరు స్టే ఇచ్చింది. దాన్ని నేను వెళ్ళి ఆయన నోటితోనే ఎత్తేయించాను.